రెండు పీపాలు, ఒక గ్లాసు: చెర్రీ స్టౌట్‌లో ఏ రుచి ఎక్కడిది?

"బ్యారెల్ ఏజ్‌డ్ చెర్రీ స్టౌట్, కాస్క్ నుంచి" అని నల్లపలక మీద సుద్దముక్కతో రాసి ఉంది. మొదటిసారి అది చదివినప్పుడు నాకు అర్థమైంది ఒక్కటే, ఎక్కడో ఒక పీపా ఉంది. గ్లాసు వచ్చింది. స్టౌట్ అంటే నల్ల బీరు, నల్లగానే ఉంది, నురగ పల్చగా ఉంది, చల్లదనం అంతంతమాత్రం. పాడైపోయిందేమో అని అనుమానం వచ్చింది. రెండో గుక్కలో బాదం వాసన తగిలింది. బాదం వేశారా అని అడిగితే కౌంటర్ వెనకున్నాయన నవ్వి, "లేదండీ, చెర్రీల టెంకలు తీయలేదంతే" అన్నాడు.

ఆ గ్లాసులో నేను చెర్రీ అనుకున్నది చాలావరకు చెర్రీ కాదు. విస్కీ అనుకున్నది చాలావరకు విస్కీ కాదు. చాక్లెట్ అయితే అసలు లేనే లేదు. పీపాలోంచి నేరుగా పోశారు కాబట్టి ఆ రుచి వచ్చిందనుకున్నాను, అదీ తప్పే. ఇలాంటి గ్లాసులు ఇంకొన్ని తాగి, కాస్త చదివాక ఈ ముడి మెల్లగా విడింది.

ముందు మాటల్లోనే ఒక చిక్కు ఉంది. బ్యారెల్ అన్నా కాస్క్ అన్నా మనకు పీపానే. కానీ ఈ బీరు వెనకున్న రెండు పీపాలకు పనిలో పోలికే లేదు. మొదటిది ఓక్ చెక్కతో చేసింది. దాదాపు 200 లీటర్లు పడుతుంది, అంతకుముందు అందులో విస్కీ ఉండేది. బీరు అందులో నెలల తరబడి మాగుతుంది. రెండోది చాలాసార్లు స్టీలుదే. మామూలు సైజును ఫిర్కిన్ అంటారు, 9 బ్రిటిష్ గ్యాలన్లు, అంటే 41 లీటర్లకు కాస్త తక్కువ. స్టౌట్ బాగా ఘాటైనదైతే త్వరగా అమ్ముడుపోదు కాబట్టి అందులో సగం పట్టే పిన్‌లో నింపుతారు. ఇక్కడ బీరు ఉండేది రోజులు, మహా అయితే కొన్ని వారాలు. ఇది చాలదన్నట్టు బ్రిటన్‌లో బ్యారెల్ అనేది ఒక కొలత కూడా, 36 గ్యాలన్లు.

వడ్డించే పీపా చెక్కదై ఉండాలా అన్న గొడవ కూడా పాతదే. చెక్క పీపాల బీరును కాపాడుకోవాలని బ్రిటన్‌లో 1963లోనే ఒక సంఘం పెట్టుకున్నారు. 1971లో ఐర్లండ్ విహారానికి వెళ్ళిన నలుగురు స్నేహితులు మొదలుపెట్టిన 'కామ్రా' ఉద్యమం ఆ పట్టుదలను పక్కన పెట్టింది. పీపా చెక్కదా లోహానిదా అన్నది కాదు, లోపల బీరు ఇంకా బతికి ఉందా లేదా, అంటే అందులోని ఈస్ట్ ఇంకా పనిచేస్తోందా లేదా అన్నదే ముఖ్యం అంది. నా ఓటు కామ్రాకే. వడ్డించే పీపా రుచి పెట్టడానికి లేదు. బీరుకీ మనకీ మధ్య ఉన్న చలినీ గ్యాసునీ తప్పించడమే దాని పని. ఎలాగో తర్వాత చూద్దాం. ముందు ఆ రుచులు ఎక్కడివో తేల్చాలి.

స్టౌట్ సంగతి త్వరగా ముగించవచ్చు. నలుపు, కాఫీ చేదు, చాక్లెట్ లాంటి వాసన, అన్నీ మాడేదాకా వేయించిన బార్లీ నుంచో మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) నుంచో వచ్చేవే. 1817లో డేనియల్ వీలర్ అనే ఆయన మాల్ట్‌ను తిరిగే డ్రమ్ములో నల్లగా వేయించే పద్ధతికి బ్రిటన్‌లో పేటెంట్ తీసుకున్నాడు. అప్పటి నుంచి పిడికెడు నల్ల మాల్ట్‌తో పీపాడు బీరును నల్లగా చేయడం తేలికైంది. గ్లాసును వంచి వెలుతురుకు పెడితే అంచున ఒక ఎర్రటి గీత కనిపిస్తుంది. అది చెర్రీ రంగు అనుకుని మురిసిపోకండి. చెర్రీ లేని మామూలు స్టౌట్‌లోనూ ఆ గీత ఉంటుంది. చెర్రీ ఇచ్చే ఎరుపును ఇంత నలుపులో కంటితో పట్టుకోవడం కష్టం.

ఇక మొదటి పీపా. బీరును చెక్కలో మాగబెట్టడం కొత్త సరదా కాదు. స్టౌట్‌కు తాత లాంటి పోర్టర్‌ను లండన్‌లో ఇళ్ళంత చెక్క తొట్లలో నెలల తరబడి మాగబెట్టేవారు. 1814 అక్టోబరు 17న మ్యూక్స్ కంపెనీ హార్స్ షూ బ్రూవరీలో అలాంటి ఒక తొట్టి ఇనప పట్టీ జారి పగిలింది. 22 అడుగుల ఎత్తున్న తొట్టి, అందులో 3,500 పైచిలుకు బ్యారెళ్ళ పోర్టర్. ఆ వరద గోడను కూల్చుకుని పక్కనున్న పేదల ఇళ్ళ మీద పడి 8 మందిని బలి తీసుకుంది.

అంత పెద్ద తొట్టిలో బీరుకు తగిలే చెక్క చాలా తక్కువ. పైగా ఏళ్ళ తరబడి వాడిన చెక్క, ఇవ్వాల్సింది ఎప్పుడో ఇచ్చేసి ఉంటుంది. ఆ తొట్లు బీరుకు ఇచ్చింది చెక్క రుచి కాదు, చెక్క సందుల్లో కాపురమున్న సూక్ష్మజీవుల రుచి. 1904లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్‌లో పనిచేస్తున్న క్లాసెన్ అనే శాస్త్రవేత్త అలాంటి ఒక ఈస్ట్‌ను గుర్తించి, ఇంగ్లండ్ మాగిన బీర్లకు ఆ రుచి దీనివల్లే వస్తోందని చెప్పాడు. బ్రిటిష్ శిలీంధ్రం అనే అర్థం వచ్చేలా బ్రెటనోమైసిస్ అని పేరు పెట్టాడు. గుర్రపుశాల, తోలు, పాత అటక, ఇలాంటి వాసనలు దాని సంతకం. వినడానికి బాగోకపోయినా, కొద్దిగా ఉంటే బాగుంటుంది. అది పెత్తనం మొదలుపెట్టాక మాత్రం ఆ బీరు ఇంకెవరి మాటా వినదు.

ఇప్పటి విస్కీ పీపాల సంగతి వేరు. బోర్బన్ అనే అమెరికా విస్కీని కొత్తగా చేసి లోపల కాల్చిన ఓక్ పీపాల్లోనే పోయాలని అమెరికా చట్టం. ఒకసారి వాడినదాన్ని మళ్ళీ బోర్బన్‌కు వాడకూడదు. దాంతో మంచి పీపాలు మూటలు సర్దుకుని ఇంకెక్కడికో పోవాల్సిందే. 1990ల్లో షికాగోలోని గూస్ ఐలండ్ బ్రూవరీ వాటిలో ఘాటైన స్టౌట్ నింపి చూసింది. ఆ బాట పట్టిన బ్రూవరీలకు ఇప్పుడు లెక్కే లేదు.

ఈ పీపా నుంచి బీరుకు చేరేదేమిటి? చెక్క గోడల్లో ఇంకిపోయిన విస్కీ కొన్ని లీటర్లు ఉంటుంది, అది బీరులోకి దిగి ఆల్కహాల్ కాస్త పెరుగుతుంది. ఆ మంట గొంతు దగ్గర తెలుస్తుంది. కానీ "విస్కీ రుచి వస్తోంది" అని మనం అనేదాంట్లో ఎక్కువ భాగం విస్కీది కాదు. బట్టీలోంచి అప్పుడే దిగిన విస్కీ నీళ్ళలా ఉంటుంది. దాని రంగూ, వెనీలా వాసనా, సగం వ్యక్తిత్వమూ చెక్క పెట్టిన భిక్షే. అంటే ఈ స్టౌట్ విస్కీ దగ్గర అప్పు తేలేదు, విస్కీకి అప్పిచ్చిన చోటే తనూ తెచ్చుకుంది. చెక్కలోని లిగ్నిన్ వేడికి విరిగితే వెనీలిన్ అవుతుంది. ఓక్‌లోని లాక్టోన్లు కొబ్బరి వాసనిస్తాయి. ఇవి యూరప్ ఓక్‌లో కంటే అమెరికా ఓక్‌లో ఎక్కువ. లవంగం వాసనకు కారణమైన యూజినాల్ కూడా చెక్కలో ఉంది. ఇక టానిన్లు, అంటే వగరు. లాలాజలంలో ఉండే ప్రొటీన్లను పట్టేసుకుని నాలుకను గరుకుగా చేస్తాయి. ఇంగ్లీషు వాళ్ళు ఈ అనుభవానికి ఆస్ట్రింజెంట్ అనే పుస్తకాల మాట వెతుక్కోవాలి. మనకు 'వగరు' చిన్నప్పటి నుంచీ నోట్లోనే ఉంది, ఈ బీరు గురించి మాట్లాడేటప్పుడు అది బాగా కలిసొస్తుంది.

ఒక హెచ్చరిక. పీపాలో మాగిందనే పేరుతో వచ్చే ప్రతి బీరూ పీపా మొహం చూసి ఉండదు. స్టీలు ట్యాంకులో ఓక్ ముక్కలు వేసి నానబెట్టినా వెనీలా వస్తుంది. రాకుండా పోయేది చెక్క సందుల్లోంచి నెలల తరబడి కొద్దికొద్దిగా జొరబడే గాలి. ఆ గాలి తగిలిన స్టౌట్‌లో ఎండు ద్రాక్ష, షెర్రీ వైన్ లాంటి వాసన పుడుతుంది. మోతాదు మించితే అదే తడి అట్టముక్క వాసనవుతుంది. రెంటికీ మధ్య దూరం తక్కువ.

నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది చెర్రీ. చెర్రీ బీరు తియ్యగా ఉంటుందనుకుని తాగేవాళ్ళు ఎక్కువ. మొదటి గుక్కలోనే వాళ్ళ ముఖం చూడాలి. పండును బీరులో వేయగానే అందులోని చక్కెరను ఈస్ట్ తినేస్తుంది. చక్కెర పోయాక మిగిలేవి పులుపు, తొక్కలోని వగరు, వాసన. మనం చెర్రీని గుర్తుపట్టేది తీపి, పులుపు, వాసన మూడూ కలిసి వచ్చినప్పుడు. అందులో ఒకటి తీసేస్తే తెలిసిన మనిషిని కళ్ళజోడు లేకుండా చూసినట్టు, ఎక్కడో చూశామనిపిస్తుంది, పేరు గుర్తురాదు.

ఆ వాసనలో ముఖ్యమైనది బెంజాల్డిహైడ్. ఇది పండు గుజ్జులో కొంత ఉంటుంది. అసలు నిల్వ టెంక లోపలి పప్పులో ఉంది. అక్కడ అమిగ్డలిన్ అనే పదార్థం విడిపోయినప్పుడు బెంజాల్డిహైడ్ పుడుతుంది. బాదం వాసనగా మనకు తెలిసింది కూడా ఇదే, ఎందుకంటే బాదం, చెర్రీ ఒకే కుటుంబం చెట్లు. అమిగ్డలిన్ విడిపోతే కాస్త హైడ్రోజన్ సైనైడ్ కూడా వస్తుంది. ఆ పేరు వినగానే గ్లాసు కింద పెట్టేయక్కర్లేదు. టెంకల్ని పగలగొట్టకుండా వేస్తారు, దిగేది చాలా తక్కువ. బెల్జియంలో క్రీక్ అనే చెర్రీ బీరును టెంకలతో సహా తయారు చేయడం తరాలుగా సాగుతోంది. అక్కడ లీటరుకు 200 గ్రాముల పండ్లు వేయడం మామూలు విషయం.

దగ్గు సిరప్ గొడవ కూడా ఇక్కడిదే. సిరప్పుల్లో, మిఠాయిల్లో వాడే చెర్రీ ఫ్లేవర్‌కు వెన్నెముక బెంజాల్డిహైడే. అందుకే ఒరిజినల్ పండుతో చేసిన బీరు తాగి కూడా "మందులా ఉందే" అంటారు. పాపం, ఆ బీరు తప్పేమీ లేదు. మన జ్ఞాపకంలో ఆ వాసన పక్కన సీసా మూత, చెంచా ఉన్నాయి. అయితే నిజంగానే ఎసెన్స్ పోసిన బీర్లూ ఉంటాయి. తేడా ఎలా తెలుస్తుందంటే, ఎసెన్స్ బీరులో వాసన గట్టిగా ఉంటుంది కానీ నోట్లో దానికి తగ్గ పులుపూ వగరూ ఉండవు. పండు వేసిన బీరులో వాసన కొంచెం బిడియంగా ఉంటుంది, నోరు మాత్రం గట్టిగా మాట్లాడుతుంది.

చెర్రీల్లోనూ రెండు జాతులున్నాయి, తినే తియ్య చెర్రీ, వంటల్లో వాడే పుల్ల చెర్రీ. స్టౌట్‌లో తియ్య చెర్రీ వేస్తే చక్కెర పోయాక దాదాపు ఏమీ మిగలదు, వేయించిన బార్లీ దాన్ని మింగేస్తుంది. పుల్ల చెర్రీ ఎదురు నిలుస్తుంది. ఇంకో విషయం, పండ్లను పీపా పొట్టకున్న చిన్న రంధ్రంలోంచి ఒక్కొక్కటిగా దూర్చాలి. కొత్త చక్కెర అందడంతో ఈస్ట్ మళ్ళీ విజృంభిస్తుంది, బిరడా గట్టిగా బిగించి ఉంటే బీరు పైకప్పు చూస్తుంది. నెలల తర్వాత అదే రంధ్రంలోంచి టెంకలన్నీ బయటికి తీయాలి, పీపాను ఎత్తి, తలకిందులు చేసి, ఊపి, మళ్ళీ ఊపి. కొందరు బ్రూవర్లు ఇదంతా పడలేక వడ్డించే కాస్క్‌లోనే చెర్రీలు వేసేస్తారు. అది తప్పు కాదు గానీ వేరే బీరు. అందులో పండు తాజాగా ఉంటుంది, టెంక బాదం వాసన దిగేంత సమయం ఉండదు.

ఇక పులుపు. ఈ గ్లాసులో అందరూ తడబడేది దీని దగ్గరే, ఎందుకంటే ఒకే పులుపు నాలుగు దారుల్లో వచ్చి ఉండొచ్చు. నల్ల మాల్ట్‌కే కొంత పులుపుంది. చెర్రీలో మాలిక్ యాసిడ్ ఉంది, పచ్చి ఆపిల్‌లో ఉండేదే, చురుక్కుమని తగిలి పోతుంది. చెక్కలో బ్యాక్టీరియా చేరితే లాక్టిక్ యాసిడ్ పుడుతుంది, అది పెరుగు పులుపు, గుండ్రంగా ఉంటుంది. అదే చెక్కలోకి గాలి ఎక్కువ జొరబడితే ఎసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్. మొదటి మూడూ ముక్కుకు తెలియవు, నాలుకకే తెలుస్తాయి. వెనిగర్ ఒక్కటే గాల్లోకి లేచి ముక్కును పొడుస్తుంది. కాబట్టి తాగకముందే వాసన చూడండి. పులుపు ముక్కుకే తెలిసిపోతే అది చెర్రీ చలవ కాదు, పీపా ఎక్కడో ఊపిరి ఎక్కువ పీల్చింది. దానితోపాటు నెయిల్ పాలిష్ లాంటి వాసన కూడా ఉంటే అది ఇథైల్ అసిటేట్. ఆ రెండూ జంటగా వచ్చిన గ్లాసును "కాంప్లెక్స్‌గా ఉంది" అని పొగడటం చాలాసార్లు విన్నాను. నాకు మాత్రం పాడైన బీరు పాడైన బీరే.

ఐదో పులుపు ఒకటుంది, బీరులో కరిగిన కార్బన్ డయాక్సైడ్. రెండో పీపా పని ఇక్కడ మొదలవుతుంది. నాలుక మీద పులుపును పసిగట్టే కణాలే, ఒక ఎంజైమ్ సాయంతో, కార్బన్ డయాక్సైడ్‌ను కూడా పసిగడతాయని 2009లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో తేలింది. అంటే గ్యాసు ఎక్కువున్న బీరు మనం అనుకునేదానికంటే పుల్లగా, పల్చగా అనిపిస్తుంది. కెగ్ బీరులో, అంటే లోహపు డబ్బాలోంచి గ్యాసు ఒత్తిడితో తోసి వడ్డించే బీరులో, లీటరుకు దాదాపు రెండున్నర లీటర్ల గ్యాసు కరిగి ఉంటుంది. కాస్క్‌లో ఒక లీటరు, లేదా కాస్త ఎక్కువ. చల్లదనం తేడా కూడా తక్కువేం కాదు. కాస్క్ బీరు 11 నుంచి 13 డిగ్రీల దగ్గర గ్లాసులోకి వస్తుంది, కెగ్ బీరు ఇంకా చాలా చల్లగా. చలిలో వాసనలు లేవవు. గ్యాసూ చలీ తగ్గించగానే అప్పటిదాకా గొంతు నొక్కేసినట్టున్న వెనీలా, లవంగం, బాదం బయటికొస్తాయి. వాటితోపాటు తప్పులూ బయటికొస్తాయి. అట్టముక్క వాసన కెగ్‌లో చల్లగా తప్పించుకు తిరుగుతుంది, కాస్క్‌లో దొరికిపోతుంది.

కాస్క్‌ను వడ్డనకు సిద్ధం చేయడం చూస్తే ఇది బతికున్న వస్తువని నమ్మకం కుదురుతుంది. నెలల తరబడి చెక్కలో ఉన్న బీరు గ్యాసంతా పోయి చప్పగా ఉంటుంది, అందులోని ఈస్ట్ అలసిపోయి ఉంటుంది. కాబట్టి కాస్క్‌లో నింపేటప్పుడు చాలామంది కొంచెం చక్కెర, కొత్త ఈస్ట్ కలుపుతారు. లోపల మళ్ళీ పులుస్తుంది. సెల్లార్‌లో పీపాను అడ్డంగా పడుకోబెట్టి, పైనున్న బిరడా మధ్యలోకి స్పైల్ అనే మెత్తటి చెక్క మేకు కొడతారు. బుస్సుమని గ్యాసు లేస్తుంది. మేకు చుట్టూ నురగ పొంగుతుంది. సెల్లార్ చూసుకునే మనిషి దాన్ని గుడ్డతో తుడిచి ఊరుకోడు. మళ్ళీ బుడగలు పేరుకోవడానికి ఎంతసేపు పట్టిందో చూస్తాడు. వెంటనే వస్తే ఇంకా ఆగాలి. నెమ్మదిగా వస్తే మెత్తటి మేకు పీకి గట్టిది కొడతాడు, ఉన్న గ్యాసు లోపలే ఉండాలి కదా. తర్వాత ముందువైపు కీస్టోన్ అనే చెక్క బిళ్ళలోకి సుత్తితో ఒక్క దెబ్బ వేసి కుళాయి దిగ్గొడతాడు. దెబ్బ తప్పితే ఆ పూటకు స్నానం అయినట్టే. ఆ తర్వాత బీరు తేరుకోవాలి, మడ్డి అడుక్కి దిగాలి. దీనికోసం చాలాచోట్ల చేపల గాలితిత్తి నుంచి తీసిన జిగురు వాడతారు. శాకాహారులు అడిగి తాగడం మంచిది.

కుళాయి తిప్పి ఒక్కో గ్లాసు తీసేకొద్దీ పీపాలోకి గాలి వెళ్తుంది. అక్కడి నుంచి గడియారం తిరగడం మొదలు. మామూలు బీరుకు మూడు రోజులంటారు. ఇలాంటి ఘాటైన స్టౌట్ ఇంకొంచెం ఓర్చుకుంటుంది. మొదటి రోజు గ్లాసులో గ్యాసు కాస్త ఎక్కువ, వగరు కాస్త మొరటు. మర్నాటికి అంచులు అరిగి మెత్తబడుతుంది, నా ఇష్టం ఇదే. ఆ తర్వాత చెర్రీ ముందు జారుకుంటుంది, చెక్క మిగులుతుంది.

తాగేటప్పుడు నేను ఏం చేస్తానంటే, గ్లాసు రాగానే తాగను. వాసన చూస్తాను, వెనిగర్ పొడుస్తుందా లేదా అని. మొదటి గుక్క పట్టించుకోను, నోరు అలవాటు పడటానికే అది. రెండో గుక్క మింగాక నోరు మూసి ముక్కుతో గాలి వదులుతాను. బాదం, లవంగం అప్పుడే పైకి తేలతాయి, ఎందుకంటే ఆ వాసన గొంతు వెనక నుంచి ముక్కుకు చేరుతుంది. వెనీలా వాసన తగిలితే నాలుకకు తీపి కూడా తగిలినట్టనిపిస్తుంది. చక్కెర ఉందని కాదు, మెదడు ఆ రెంటినీ ముడిపెట్టుకుంది. తర్వాత గ్లాసును అరచేతుల్లో పట్టుకుని ఒక పావుగంట వదిలేస్తాను. వేడెక్కేకొద్దీ విస్కీ మంట, కొబ్బరి పెరుగుతాయి. చివరి గుక్కల్లో వగరు పేరుకుంటుంది. టానిన్ చెర్రీ తొక్కలోనూ ఉంది, ఓక్‌లోనూ ఉంది, ఎవరి వాటా ఎంతో నాలుక మీద తేల్చడం మాత్రం నావల్ల కాలేదు.

ఎక్కడైనా ఇలాంటి పలక కనిపిస్తే ఆర్డర్ ఇచ్చే ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. కుళాయి ఎప్పుడు కొట్టారు? చెర్రీలు ఏ పీపాలో వేశారు? మొదటిదానికి జవాబు ఎవరైనా చెప్తారు. రెండోదానికి సాధారణంగా "చెర్రీ బీరేనండీ" అన్న జవాబే వస్తుంది. అప్పుడు సగం గ్లాసే తీసుకుంటాను.